చేపల వంతు ముద్ద

పాంగి ఫల్గుణ మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు దానికి తన చెప్పులు సమర్పించుకున్నాడు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకని విశాఖపట్నం వెళ్లిన కొత్త. చెప్పులు ఇసుకలో విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నాలుగడుగులు లోపలికి వేశాడు. వెనక్కి తిరిగేసరికి ఒక చెప్పు లేదు. మిగిలినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక దాన్ని కూడా అలలోకే విసిరేసి, బస్సు దొరికే దాకా ఉత్త కాళ్లతో నడిచాడు. ఈ సంగతి అతను ఇప్పటికీ ఎవరికీ చెప్పడు. భార్య కనక మాత్రం ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

సెలవులకు డుంబ్రిగుడ అవతల కొండ మీది తమ ఊరికి వచ్చినప్పుడు, తల్లి యర్రమ్మకు సముద్రం గురించి గంటసేపు చెప్పాడు. ఆవిడ అంబలి తాగుతూ అంతా విని, ఒక్కటే అడిగింది.

"అన్ని నీల్లున్నాయి గదా, ఒక్క గుక్కైనా తాగడానికి పనికొత్తాయేటి?"

"తాగలేమమ్మా. ఉప్పు."

"మరెందుకురా అన్ని?"

చూపిస్తే ఆవిడకే తెలుస్తుందనుకున్నాడు ఫల్గుణ. కానీ యర్రమ్మను బస్సెక్కిస్తే ఘాట్‌లో రెండో మలుపుకే వాంతులు. పోనీ రైలు ఎక్కిద్దామంటే దారంతా సొరంగాలు. మూడో సొరంగంలో రైలు దూరగానే "కొండ కడుపులో నన్నెట్టేసి పోతావేట్రా!" అని కేక పెట్టి, తర్వాతి స్టేషన్లో దిగిపోయింది. తిరుగు రైలు వచ్చే దాకా బల్ల మీంచి లేవలేదు. ఆవిడ ఇక కొండ దిగదని ఆ రోజుతో తేలిపోయింది.

తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఆసుపత్రిలో మలేరియా స్లైడ్లు చూసి చూసి కళ్లజోడూ వచ్చింది. నలభై దాటాక ఓ రోజు పన్ను పోటుతో విశాఖపట్నంలో ఒక దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాడు. అక్కడ గోడకు ఆనించి ఉప్పునీటి తొట్టి ఉంది. లోపల రాళ్లు, రాళ్ల మీద వేళ్లు ఊపే పగడాలు, వాటి మధ్య తెల్ల పట్టీల నారింజరంగు జోకరు చేపలు. తన నంబరు పిలిచినప్పుడు వెనకాయన్ని ముందు వెళ్లమన్నాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరికి కూడా దారి ఇచ్చాడు. చివరికి కాంపౌండరు వచ్చి, "భయపడకండి సార్, నొప్పి తెలీకుండా తీస్తారు" అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు.

తిరిగొచ్చిన నెలలోపే ఫల్గుణ ఇంటి ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టి వెలిసింది.

మొదటి ప్రయత్నం గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది. మా కొండ ఊట కంటే మంచి నీరు లోకంలో ఎక్కడుందన్న ధీమాతో తొట్టి నిండా ఊట నీళ్లు పోశాడు. సంతలో కల్లుప్పు కొన్నాడు. చారులో ఉప్పు చూసినట్టు గరిటెతో రుచి చూస్తూ, చెప్పులు పోయిననాటి సముద్రం నాలిక మీద గుర్తొచ్చే దాకా ఉప్పు కలిపాడు. అందులో వదిలిన రెండు చేపలు ఒకటిన్నర రోజు బతికాయి. వాటిని పెరట్లో కాఫీ మొక్క మొదట్లో పాతిపెట్టి, అడిగినవాళ్లకు "ఇక్కడి గాలి పడలేదు, వెనక్కి పంపేశాను" అని చెప్పాడు. ఆ ఏడు ఆ కాఫీ మొక్క విరగకాసిందని కనక అంటుంది.

అప్పుడు దొరికాడు శివప్రసాద్. విశాఖపట్నంలో ఉప్పునీటి చేపల సామాన్ల దుకాణం అతనిది. కల్లుప్పు కథ ఫోన్లో వినగానే అతనికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నవ్వు ఆపుకుంటున్నాడని ఫల్గుణకు అర్థమైంది.

"సముద్రం అంటే ఒక్క ఉప్పు కాదు సార్. సున్నం ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి. దానికి వేరే ఉప్పు నేను పంపిస్తాను. ముందు మీరు నీళ్లు పెంచండి. చేపల మాట తర్వాత."

ఫల్గుణ మూడు నెలలు నీళ్లు పెంచాడు. తొట్టిలో రాళ్లు, పైన దీపం, లోపల తిరిగే నీళ్లు, అంతే. ఊళ్లోవాళ్లు వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చునేవాళ్లు.

"ఏటి సూత్తన్నావు బావా?"

"నీళ్లు."

"ఓహో" అని వాళ్లూ కాసేపు చూసి, కనక వైపు జాలిగా ఓ చూపు విసిరి వెళ్లిపోయేవాళ్లు.

కానీ ఈ పనికి కావలసిన చెయ్యి అతనికి ముందే ఉంది. పాతికేళ్లుగా పరీక్షనాళికలో చుక్కలు లెక్కపెట్టిన చెయ్యి అది. తొట్టి నీటిలో సున్నం ఎంతుందో, క్షారం ఎంతుందో చుక్క చుక్కకీ రంగు చూసి చెప్పేవాడు. ఆవిరైన నీటికి బదులు రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుపోతుంది. ఒక్క రోజు కూడా మరిచేవాడు కాదు. డిసెంబరులో కొండ మీద చేతివేళ్లు కొంకర్లు పోయే చలిలో, హీటరు చాలక, తొట్టికి చుట్టూ రగ్గు చుట్టేవాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక మంచి రగ్గు అది.

"నాకు సలేత్తే కుంపటి దగ్గర కూకోమంటావు. సేపలకి సలేత్తే మన పెల్లి రగ్గు కప్పుతావు" అనేది కనక. అంటూనే రగ్గు జారితే లేచి సర్దేది.

ఇలా ఎనిమిదేళ్లు. జోకరు చేపల జంట వచ్చింది, ఓ నీలం చేప వచ్చింది, రాళ్లకు పట్టిన పాచి తినే నత్తలు వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మధ్య రాయి మీద ఒక పగడం పెరిగింది. గట్టి పగడాలు ఇంట్లో పెట్టుకోవడం నేరం కాబట్టి ఫల్గుణ వాటి జోలికి పోలేదు. ఇది తొట్లలోనే ముక్క నుంచి ముక్కగా పెంచే మెత్తని జాతి. వచ్చినప్పుడు బొటనవేలి గోరంత. నిరుటికి అన్నం పళ్లెమంత గొడుగు. పొద్దున్న దీపం వెలగగానే ఆ గొడుగు మీద వెయ్యి సన్నని వేళ్లు విచ్చుకుని నీళ్లలో ఊగుతాయి. పుట్టగొడుగులా ఉందని యర్రమ్మ దాన్ని పుట్టకొక్కు అంటుంది. రోజూ ఆ వేళకు ఆనపకాయ బుర్రలో అంబలి పట్టుకుని వచ్చి దాని ముందు కూర్చుంటుంది. "మరెందుకురా అన్ని" అని మళ్లీ అడగలేదు.

ఒక్క విషయం మాత్రం ఫల్గుణ ఎనిమిదేళ్లూ తలుపేసుకుని చేశాడు.

నీటి ఉప్పదనం కొలవడానికి పరికరం కొనమని శివప్రసాద్ చెప్పినప్పుడు అతనికి అవసరం కనిపించలేదు. నీటిలో తేలి సాంద్రత చూపించే గాజుబుడ్డి ఆసుపత్రిలో ఉన్నదే. రోగుల మూత్రం దాంతోనే కొలుస్తారు. అలాంటిదే కొత్తది, ఏ రోగి చుక్కా తగలనిది, విశాఖపట్నంలో సొంత డబ్బుతో కొన్నాడు. బిల్లు కూడా దాచాడు. దాని గీతల మీద సముద్రం చక్కగా సరిపోయింది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ వారానికోసారి తొట్టిలోంచి తీసే పాత నీళ్లను యర్రమ్మ పారబోయనిచ్చేది కాదు. చెంబులో పట్టి, వచ్చినవాళ్ల నెత్తిన చల్లేది. "సముద్రం నీల్లు. అందరికీ దొరుకుతాయేటి?" ఆవిడ తమ్ముడు బుధు అయితే నెత్తిన చల్లుకోవడంతో ఆగడు. దోసిట్లో పట్టి ఓ గుక్క తాగి, కళ్లు మూసుకుంటాడు. అలాంటి మేనమామకు ఆ గాజుబుడ్డి ఎలా చూపిస్తాడు? అందుకే కొలిచిన ప్రతిసారీ దాన్ని తుడిచి అలమారలో పెట్టి తాళం వేసేవాడు.

నిరుడు భాద్రపదంలో సామ కొత్త పండగ వచ్చింది. కొత్త సామలు వండి దేవతకు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఆ గింజ ముట్టరు. యర్రమ్మ పుట్టింట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. దేవత తర్వాత, మనుషుల కంటే ముందు, ఇంట్లో ఊపిరున్న ప్రతిదానికీ ఓ ముద్ద పెట్టాలి. ఆవుకి, కుక్కకి, కోళ్లకి, ఉంటే పిల్లికి. ఇన్నేళ్లూ ఆ పండగ బుధు ఇంట్లోనే జరిగేది. నిరుడు అతని ఇల్లు విప్పి కడుతుండడంతో చుట్టాలందరూ ఫల్గుణ ఇంటికి వచ్చారు.

పండగ నాడు మధ్యాహ్నం నుంచి వాన. కరెంటు పోయింది. ఘాట్‌లో కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. ఫల్గుణ తొట్టికి బ్యాటరీ గాలిపంపు తగిలించి, చుట్టాలకు పక్కలు చూసి పడుకున్నాడు.

తెల్లారి లేచి చూస్తే తొట్టి నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడి ఉన్నాయి. బ్యాటరీ అయిపోయింది. జోకరు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పుట్టకొక్కు ముడుచుకుపోయి, ఎండిన మామిడి టెంకలా రాయికి అంటుకుపోయి ఉంది. వాసన మొదలైంది. ఫల్గుణ చెయ్యి పెట్టి వడపోత దూదిని బయటికి లాగాడు. పసుపుపచ్చగా ఉంది. విప్పితే ఉడికిన సామ మెతుకులు.

ముద్ద ఎవరు వేశారో అతనికి ఆలోచించే పని లేకపోయింది. పెద్ద మనసున్న మనిషి ముద్ద పెద్దగానే ఉంటుంది. అది రాళ్ల వెనక పడి రాత్రంతా కుళ్లి, నీటిలో ఉన్న కాస్త గాలినీ తినేసింది.

వంటింటి గుమ్మంలో యర్రమ్మ నిలబడి ఉంది. "ఏటయిందిరా?"

ఫల్గుణ పిడికిలి మూశాడు. "కరెంటు పోయింది గదమ్మా. గాలి అందలేదు."

ఫోను సిగ్నలు కోసం కాఫీ తోట పైకంటా వానలో పరిగెత్తాడు. శివప్రసాద్ అటునుంచి ఒక్క మాటలో చెప్పాడు. "సగం నీళ్లు మార్చాలి సార్. ఇవాళే. లేకపోతే ఏదీ మిగలదు."

నిల్వ చేసిన మంచినీళ్లు రెండు డ్రమ్ములున్నాయి. ఉప్పు మాత్రం రెండు గుప్పెళ్లుంది. కొత్త ఉప్పు బకెట్టుతో వస్తున్న వ్యాను ఘాట్ కింద ఆగిపోయింది.

"రైలు నడుస్తోంది కదా సార్? నేను స్టేషనుకి వెళ్తున్నా. లుంగీతోనే వెళ్తున్నా" అన్నాడు శివప్రసాద్.

ఆ రైల్లోనే వస్తున్నాడు రవిబాబు. ఊళ్లోవాడే, రైలు పట్టాల పని చేస్తాడు. ఉప్పు అతని చేతికి అందింది. కానీ రైలు అరకు చేరి, అక్కణ్నుంచి అతను బండి మీద వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటిదాకా చేపలు ఊపిరెలా తీసుకుంటాయి? ఫల్గుణ తొట్టి ముందు నిలబడిపోయాడు. పాతికేళ్ల అనుభవం, టెస్టు కిట్లు, చుక్కల లెక్కలు, దేనికీ కరెంటు లేనిదే గాలి ఊదడం రాదు.

యర్రమ్మ అతన్ని పక్కకు నెట్టింది. చేతిలో అంబలి ముంచే ఆనపకాయ బుర్ర ఉంది. తొట్టిలో ముంచి, మోచెయ్యంత ఎత్తుకు లేపి, సన్నని ధారగా మళ్లీ తొట్టిలోకే పోసింది. మళ్లీ ముంచింది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"కాగిన అంబలి సల్లారబోసినట్టు. ఎత్తి పోత్తే గాలి దిగదేట్రా?"

ధార పడిన చోట నురుగులా బుడగలు లేస్తున్నాయి. చేపలు ఒకటొకటిగా ఆ బుడగల కిందికి చేరాయి. తన ఖరీదైన పంపు చేసే పని సరిగ్గా ఇదేనని ఫల్గుణకు తట్టడానికి ఓ క్షణం పట్టింది. తట్టగానే కేకేశాడు. "కనకా! ఇంట్లో ఉన్న బుర్రలన్నీ పట్రా!"

కొత్త పండగకు వచ్చిన చుట్టాలు తొట్టికి అటూ ఇటూ నిలబడ్డారు. వడ్లు దంచేటప్పుడు రోకళ్లు ఒకదానికొకటి తగలకుండా పడినట్టు, నాలుగు బుర్రలు వంతులవారీగా మునిగి లేచాయి. ఒకరి చెయ్యి నొప్పెడితే ఇంకొకరు. యర్రమ్మ మాత్రం తన బుర్ర ఎవరికీ ఇవ్వలేదు. డెబ్బై దాటిన చెయ్యి. ఒకసారి ఆవిడ ఆగి, బుర్ర అడుగున చూసి, గోటితో ఏదో తీసి కొంగున ముడివేసుకోవడం ఫల్గుణ కంటపడింది. మళ్లీ ముంచింది.

పన్నెండున్నరకు రవిబాబు తడిసి ముద్దై వచ్చాడు. అతని చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ మూడు సంచుల్లో చుట్టిన ఉప్పు మాత్రం పొడిపొడిగా ఉంది. డ్రమ్ములో పోసి, కట్టెతో కలిపారు. వెచ్చదనానికి ఓ తపేలా వేడినీళ్లు కలిపారు. ఇక తొట్టిలోకి పోయడమే తరువాయి.

కొలవాలి.

ఫల్గుణ గది నిండా ఉన్న జనాన్ని చూశాడు. వాళ్లని బయటికి పొమ్మంటే బుర్రలు ఆగిపోతాయి. నాలికతో చూద్దామా అనుకున్నాడు. కాఫీ మొక్క కింది రెండు చేపలు గుర్తొచ్చాయి. ముడుచుకున్న పుట్టకొక్కు వైపు ఓసారి చూసి, అలమార తాళం తీసి, గాజుబుడ్డి తెచ్చి అందరి ముందూ డ్రమ్ము నీళ్లలో వదిలాడు.

"ఓరల్లుడా, ఆగు" అన్నాడు బుధు. "ఆ బుడ్డి నానెరుగుదును."

"మామా, తర్వాత..."

"నాకు నడుంనొప్పొచ్చిన ఏడు, ఆసుపత్రిలో నా ఉచ్చ కొలిసింది దీంతోటే గదేట్రా?"

నాలుగు బుర్రలు గాల్లో ఆగిపోయాయి.

"బుర్రలాపకండి!" అని అరిచాడు ఫల్గుణ. "ఇది వేరే బుడ్డి మామా. కొత్తది. తొట్టి కోసమే కొన్నాను. బిల్లుంది!"

"బిల్లు నానేటి సేసుకోను? ఎనిమిదేళ్లయి నెత్తిన సల్లుకుంతన్నాను. తాగినాను గూడా!"

"మరి నడుంనొప్పి తగ్గిందా నేదా మామా?" అంది కనక బుర్ర ముంచుతూ.

బుధు నిజాయితీపరుడు. ఆలోచించాడు. "తగ్గింది."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకకముందే యర్రమ్మ గొంతు లేచింది. "మానికతో వడ్లు కొలుత్తాం, ఆ మానికతోనే ఉలవలూ కొలుత్తాం. దేంతో కొలిత్తే ఏటి? ఆణ్ని బేగి కొలవనియ్యండి!"

బుడ్డి నిలకడగా తేలింది. గీత దగ్గర కళ్లు పెట్టి చూశాడు. సరిపోయింది. సన్నని గొట్టంతో పాత నీళ్లు తీస్తూ, కొత్త నీళ్లు పోస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. కరెంటు వచ్చేవేళకు జోకరు జంట అడుగుకు దిగి ఈదుతోంది. నీలం చేప దక్కలేదు. పుట్టకొక్కు సంగతి తెలియలేదు.

తొమ్మిది రోజులు అది ముడుచుకునే ఉంది. పొద్దున్నే దీపం వేయడం, చూడడం, ఆసుపత్రికి వెళ్లడం. ఆ తొమ్మిది రోజులూ యర్రమ్మ అంబలి పెరట్లో కూర్చునే తాగింది. ముందుగదిలోకి రాలేదు. ఫల్గుణ పిలవనూ లేదు.

పదో నాడు గొడుగు అంచున నాలుగు వేళ్లు విచ్చుకున్నాయి. నాలుగే. ఫల్గుణ పెరట్లోకి పరిగెత్తి తల్లిని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో ఎండిపోయిన సామ మెతుకు.

"నానేసిందేరా."

"తెలుసమ్మా."

"తెలిసీ కరెంటంటావేట్రా, దొంగగుంటడా?"

"కరెంటు గూడా పోయింది గదమ్మా."

ఆవిడ అతని నెత్తిన ఒక్కటి మొట్టి, వెళ్లి అంబలి బుర్ర తెచ్చుకుని తన చోట్లో కూర్చుంది.

ఈ ఏడు బుధు కొత్త ఇల్లు పూర్తయింది. అయినా సామ కొత్త ఇక్కడే జరగాలని యర్రమ్మ పట్టుబట్టింది. దేవతకు పెట్టింది. ఆవుకి, కుక్కకి, కోళ్లకి పెట్టింది. తర్వాత ఆకులో ముద్దలు పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చింది. ఫల్గుణ తొట్టికి అడ్డం వెళ్లబోయాడు. ఆవిడ ఆకుని తొట్టి గాజు మూత మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని, కొడుకు వైపు తిరిగింది.

"ఆటికి మింగుడుపడదు గదా. ఆటి వంతు నువ్వు తిను. ఊపిరున్నదానికల్లా ఒక్కో ముద్ద."

జోకరు జంటకి రెండు ముద్దలు. కొత్తగా తెచ్చిన నీలం చేపకి ఒకటి. పుట్టకొక్కుకి అన్నిటికంటే పెద్దది. అది ఇప్పుడు పళ్లెం దాటి చేటంత అయింది మరి. చుట్టాలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. పక్కన బుధు చెంబులోంచి దోసిట్లో నీళ్లు పట్టుకుని అడిగాడు.

"కొలిసావేట్రా?"

"కొలిసాను మామా."

"దాంతోనేనా?"

"దాంతోనే."

బుధు నెత్తిన చల్లుకున్నాడు. మిగిలిన నీళ్లకేసి కాసేపు చూశాడు. నడుం మీద ఓసారి చెయ్యేసుకుని, గుక్కలో తాగేసి కళ్లు మూసుకున్నాడు.

నాలుగో ముద్ద మింగి ఫల్గుణ చెయ్యి కడుక్కోబోయాడు. యర్రమ్మ ఆపింది. వంటింట్లోంచి తెచ్చిన సామల గిన్నె ఆవిడ చేతిలో ఉంది.

"నత్తలున్నాయి గదరా. అయ్యెన్ని?"

పదిహేడున్నాయి. తొట్టిలో ఉన్న ప్రతి చుక్కకూ లెక్క చెప్పగల పాంగి ఫల్గుణ, తొమ్మిదేళ్లలో ఏ కొలతా తప్పు చెప్పని మనిషి, తల్లి మొహం చూసి, గిన్నె చూసి, కనక వైపు చూడకుండా అన్నాడు:

"రెండేనమ్మా."